బేతాళుడి ప్రశ్న దగ్గర పుస్తకం మూసేయండి టీచర్ గారూ

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను నల్గొండ జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో తెలుగు చెప్తాను, ఉద్యోగంలోకి వచ్చి నాలుగేళ్ళయింది. ఎనిమిదో తరగతిలో 38 మంది, సగం మంది ఇంకా కూడబలుక్కునే చదువుతారు. కథల పుస్తకాలు చదివిద్దామని ఆశగా మొదలుపెట్టాను కానీ ఏదీ కుదరట్లేదు. బొమ్మల పుస్తకాలు తెస్తే "మేమేమన్నా చిన్నపిల్లలమా టీచర్" అని నవ్వారు. ఎఫ్‌ఏకి (ఏడాది మధ్యలో మార్కులేసే ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌కి) పుస్తక సమీక్ష రాయమంటే 38 పేపర్లూ ఒకటే, కింద అందరిదీ ఒకటే నీతి. పోయిన నెల ఒక ముస్లిం పిల్లాడి ఇంట్లో తలకాయ కూర వండుకునే కథ చదివి, మీలో ఎవరింట్లో ఇలా వండుతారో చేతులెత్తండి అన్నాను. మర్నాడు ఒక అమ్మాయి తండ్రి వచ్చి బడిలో ఈ కథలేంటని గొడవపడ్డాడు. హెచ్చెమ్ గారు ముందు సిలబస్ పూర్తి చెయ్యమ్మా అన్నారు. లైబ్రరీ బీరువా తాళం కూడా ఆయన దగ్గరే ఉంటుంది. ఇదంతా వదిలేసి పాఠాలు చెప్పుకోమంటారా?

జవాబు: వదిలేయొద్దండి. ముందు ఆ మాట చెప్పేసి తర్వాత మిగతావి మాట్లాడుకుందాం, ఎందుకంటే మీ ఉత్తరం చివరి లైను చదివాక నాకు మనసు మనసులో లేదు. నేను ఖమ్మం జిల్లా బళ్ళలో 31 ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యాను. నాలుగో ఏడు నేనూ సరిగ్గా ఇక్కడే ఆగిపోయి, కొన్నాళ్ళు కథల పుస్తకాలన్నీ అటక మీద పడేసి పాఠం, ప్రశ్న-జవాబు, వ్యాకరణం అనుకుంటూ గడిపేశాను, ఆ ఏళ్ళు తల్చుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

మీరు నాలుగు కష్టాలు విడివిడిగా రాశారు కానీ నాకు అవన్నీ ఒక్క చోటు నుంచే పుట్టినట్టు అనిపించింది. మనం తెలుగు టీచర్లం కథ చెప్పాక అడిగే ప్రశ్నలన్నిటికీ జవాబు ముందే మన దగ్గర ఉంటుంది. ఈ కథలో నీతి ఏమిటి, రాజు ఎలాంటివాడు, దీన్నిబట్టి మీరేం గ్రహించారు. పిల్లలకి ఆ సంగతి మనకన్నా బాగా తెలుసు. టీచర్ దగ్గర జవాబు ఉంది, అది ఏంటో పట్టుకోవాలి, క్లాసులో ఒకడు పట్టుకుంటే మిగతావాళ్ళు వాడిది చూసి రాసుకోవచ్చు. మీ 38 పేపర్లూ ఒకటే అయ్యాయంటే పిల్లలు బద్ధకస్తులని కాదు, ఒకే జవాబున్న ప్రశ్న అడిగాం కాబట్టి ఒకే జవాబు వచ్చింది. కథల పుస్తకం పట్టుకున్న గంటలో మాత్రం నాకే జవాబు తెలియని ప్రశ్న తప్ప ఇంకోటి అడగను అని ఒక నియమం పెట్టుకోండి. నేను ఇది చాలా ఆలస్యంగా నేర్చుకున్నా, అదీ బేతాళుడి దగ్గర నేర్చుకున్నా.

అవునండీ, చందమామ బేతాళుడే. 1947 జులైలో మొదలైన ఆ పత్రికని మన తరంలో చదవనివాళ్ళు తక్కువ. బేతాళ కథ ఎలా నడుస్తుందో గుర్తు తెచ్చుకోండి. పట్టు వదలని విక్రమార్కుడు శవాన్ని భుజానేసుకుని నడుస్తుంటాడు, శవంలోని బేతాళుడు కథ చెప్తాడు, చివర ఒక చిక్కు ప్రశ్న వేసి, తెలిసీ చెప్పకపోతే నీ తల పగిలిపోతుంది అంటాడు. తర్వాత రాజు జవాబు చెప్పేస్తాడు, మనం హమ్మయ్య అనుకుని పేజీ తిప్పేస్తాం. నేనూ ఏళ్ళ తరబడి అలాగే రాజు జవాబుతో సహా చదివేసి అర్థమైందా అని అడిగేదాన్ని, అర్థమైంది టీచర్ అనేవాళ్ళు, అయిపోయేది.

ఒకరోజు తొమ్మిదో తరగతిలో మధ్యాహ్నం చివరి పీరియడ్, కథ చదువుతుంటే ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి లాంగ్ బెల్ కొట్టారు. ఆ కథ మీకూ తెలిసే ఉంటుంది, పాత బేతాళ పంచవింశతి లోదే. ఒక అమ్మాయిని ముగ్గురు యువకులు పెళ్ళి చేసుకోవాలనుకుంటారు, ఆ అమ్మాయి జ్వరమొచ్చి చనిపోతుంది. ఒకడు శ్మశానంలోనే పాక వేసుకుని ఆమె బూడిద మీద పడుకుంటాడు. ఇంకొకడు ఎముకలు తీసుకుని గంగకి వెళ్తాడు. మూడోవాడు దేశాలు పట్టి తిరిగి, చచ్చినవాళ్ళని బతికించే మంత్రం ఉన్న పుస్తకం సంపాదించుకొస్తాడు, ఆమెని బతికిస్తాడు. ఇప్పుడు ఆమె ఎవరికి భార్య? బెల్ కొట్టారు కదా, పుస్తకం మూసి రేపు చూద్దాం అని వచ్చేశా.

మర్నాడు నేను క్లాసులో అడుగు పెట్టేసరికి గోల. మంత్రం తెచ్చినోడే అని సగం మంది, గంగకి పోయినోడు అని కొందరు. ఎక్కువమంది ఒకవైపు ఉన్నారు కాబట్టి అదే రైట్ అని వాళ్ళు అనుకుంటున్నారు, నేను పుస్తకం తీసి రాజు జవాబు చదివేద్దామనుకుంటుంటే చివరి బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్లాడు లేచాడు. "టీచర్, వల్లకాట్లో రాత్రి పడుకోవటం ఎట్లుంటదో వీళ్ళకి తెల్వదు. మంట ఆరినా అడుగున బూడిద పొద్దుటిదాంక వేడిగుంటది, పైనేమో చలి. కుక్కలొస్తయి. రోజూ అక్కడ పడుకున్నోడే" అన్నాడు. అని ఊరుకున్నాడు. వాళ్ళ నాన్న ఊరి శ్మశానంలో గుంతలు తవ్వి, కాష్ఠం పేర్చే పని చేస్తాడని నాకప్పటిదాకా తెలీదు. క్లాసులో చాలామందికి తెలుసు, కానీ ఆ మాట ఆ గదిలో అలా, ఒక జవాబుగా వినపడటం అదే మొదటిసారి. ఒక నిమిషం ఎవ్వరూ మాట్లాడలేదు. తర్వాత ఒక అమ్మాయి లేచి "బతికొచ్చినాక ఆమెకి ముగ్గురిలో ఎవరు గుర్తున్నారు టీచర్" అంది. దానికి కథలోనూ జవాబు లేదు, నా దగ్గరా లేదు.

కథలో రాజు కూడా బూడిద మీద పడుకున్నవాడే భర్త అంటాడు, బతికించినవాడు తండ్రి లాంటివాడు, ఎముకలు గంగలో కలిపినవాడు కొడుకు లాంటివాడు అని. కానీ పిల్లాడు చెప్పిన కారణం రాజు చెప్పిన కారణం కాదు చూడండి, వాడిది వాడి ఒంటితో తెలుసుకున్న కారణం. నేను ముందే రాజు జవాబు చదివేసి ఉంటే వాడు లేచేవాడా?

ఇక్కడి దాకా బాగానే ఉంది, ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను, ఎందుకంటే మీ తలకాయ కూర గొడవకి జవాబు అందులో ఉంది. ఆ మర్నాడు నేను వాణ్ణి క్లాసు ముందు నిలబెట్టి మెచ్చుకున్నా. ఊరుకోకుండా, మీ నాన్న పని గురించి ఒక పేజీ రాసుకురా నాన్నా, అందరికీ చదివి వినిపిద్దాం అన్నా. చాలా గొప్ప పని చేస్తున్నాననే అనుకున్నా. వాడు నాలుగు రోజులు బడికి రాలేదు. ఐదో రోజు వాళ్ళింటికెళ్తే వాళ్ళమ్మ గడపలోనే నిలబడి "పిలగాళ్ళు కాటికాపరీ అని పిలుస్తున్రంట టీచరమ్మా, బడికి పోనంటున్నడు" అంది. నాకు ఏం మాట్లాడాలో తోచలేదు, ఆమె చేతులు పట్టుకుని క్షమించమని అడిగి వచ్చా. తర్వాత వాడు వచ్చాడు, కానీ ఆ ఏడాదంతా మళ్ళీ క్లాసులో లేచి మాట్లాడలేదు.

మొదటిరోజు వాడు కథ గురించి మాట్లాడాడు. తనకి తెలిసింది తనంతట తను, తనకి కావాల్సినంతే చెప్పాడు. రెండోరోజు నేను కథని పక్కన పెట్టి వాణ్ణే పాఠం చేశా. మీరు చేతులెత్తండి అన్నప్పుడు జరిగింది ఇదేనమ్మా. ఆ కథ ఎంచుకోవటంలో మీది ఏ తప్పూ లేదు, చాలా మంచి పని చేశారు. కానీ ఎవరింట్లో ఏం వండుతారో అడగటం అంటే మన ఊళ్ళో ఎవరు ఏ కులమో, ఏ మతమో చేతులెత్తించి లెక్కపెట్టటమే అవుతుంది. ఎత్తిన చెయ్యి కంటే ఎత్తకుండా దాచుకున్న చెయ్యి గురించి ఆలోచించండి. ఆ తండ్రి కోపం వెనక కూడా అదే ఉండొచ్చు, ఆ అమ్మాయి ఇంటికెళ్ళి ఏం చెప్పిందో మనకి తెలీదు.

అదే కథ మీద కథ గురించే అడగండి. కూర ఉడికేలోపు ఆ ఇంట్లో ఎవరెవరు ఎక్కడున్నారనుకుంటున్నారు, అందరికంటే ఎక్కువ ఎదురుచూస్తున్నది ఎవరు, ఎందుకలా అనిపించింది. తలకాయ కూర తినే పిల్లలు ఇందులో తమ ఇల్లు చూసుకుంటారు, చెప్పాలనిపిస్తే చెప్తారు, లేకపోతే లోపలే సంతోషపడతారు. తిననివాళ్ళకి ఒక కొత్త ఇంట్లోకి తొంగి చూసినట్టుంటుంది. 1990లో అమెరికాలో రుడీన్ సిమ్స్ బిషప్ అనే ప్రొఫెసర్ పిల్లల పుస్తకాలు కొన్నిసార్లు కిటికీ లాంటివి, కొన్నిసార్లు అద్దం లాంటివి అని రాసింది. అక్కడి నల్లజాతి పిల్లలకి పుస్తకాల్లో తమ మొహం కనపడకపోవటం గురించి ఆవిడ బాధ. మన దగ్గరా ఎంతమంది పిల్లలు పదేళ్ళు చదివి ఒక్క పాఠంలోనూ తమ వాడ, తమ వంట, తమ భాష చూడకుండా టెన్త్ దాటుతున్నారో మీకు తెలుసు. 2008లో హైదరాబాద్‌లోని అన్వేషి అనే స్త్రీల అధ్యయన కేంద్రం వాళ్ళు డిఫరెంట్ టేల్స్ అని పిల్లల పుస్తకాల సెట్ ఒకటి తెచ్చారు, తెలుగులో కూడా, దళిత, ముస్లిం పిల్లల ఇళ్ళలోంచి వచ్చిన కథలు, దొరికితే తప్పకుండా చూడండి. అద్దం ఇవ్వండి, కానీ పిల్లాణ్ణి ఆ అద్దం ముందు నిలబెట్టి అందరినీ చూడమనకండి, నేను చేసినట్టు.

ఆ తండ్రి దగ్గరికి మీరే వెళ్ళండి. వాదనకి కాదు. కథ జిరాక్స్ తీసుకెళ్ళి మొత్తం చదవమని ఇచ్చి, చేతులెత్తమని అడగటం నా పొరపాటండీ అని ఒప్పుకుని, కథ చదవటం మాత్రం పొరపాటు కాదని నెమ్మదిగా చెప్పండి. రెండూ కలిపి చెప్తే సగం కోపం దిగుతుంది, నా అనుభవం అది. దిగకపోతే దిగకపోనివ్వండి, ఆయన కూతురు మీ క్లాసులోనే ఉంటుంది కదా.

హెచ్చెమ్ గారి సంగతికొస్తే, సిలబస్ అని ఆయన అనటంలో దురుద్దేశం లేదు, పై నుంచి ఎవరన్నా వస్తే సమాధానం చెప్పుకోవాల్సింది ఆయనే. మీరు కథల పనిని సిలబస్ బయట పనిలా చూపించొద్దు. మన తెలుగు వాచకాల్లోనే అవగాహన-ప్రతిస్పందన, వ్యక్తీకరణ-సృజనాత్మకత అనే భాగాలు ఉన్నాయి కదా, పాఠ్య ప్రణాళికలో ఆ శీర్షికల కిందే రాయండి, ఫలానా కథ, ఇన్ని నిమిషాలు, ఈ ప్రశ్న అని. పుస్తక సమీక్ష ఎలాగూ ఎఫ్‌ఏలో ఉన్నదే. ఇంకో పని చెయ్యండి, ఆయనకి గిజుభాయి అనే విద్యావేత్త రాసిన పగటికల ఇచ్చి చదవమనండి. 1930ల్లో గుజరాత్‌లో రాసిన చిన్న పుస్తకం అది. అందులో ఒక మాస్టారు నాలుగో తరగతి తీసుకుని ప్రయోగం చేస్తానంటాడు, విద్యాధికారి సరే కానీ ఏడాది చివర పరీక్షల్లో ఫలితం చూపించాలి అంటాడు. మీ హెచ్చెమ్ గారి మాటే! మొదటిరోజు పిల్లలు ఆయన్ని నిలవనివ్వరు, వేసుకొచ్చిన ప్లానంతా పాడవుతుంది. అప్పుడు ఆయన కథ మొదలుపెడతాడు, గది సద్దుమణుగుతుంది. మీకు కూడా ధైర్యంగా ఉంటుంది, మీరూ చదవండి.

ఇప్పుడు మేము చిన్నపిల్లలమా అన్న మాట. ఆ నవ్వుకి మీరు నొచ్చుకున్నారని ఉత్తరంలో కనపడుతోంది. కానీ వాళ్ళది న్యాయమైన మాటే. పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లలకి తెలుగులో పుస్తకం వెతకటం నిజంగా కష్టం, బొమ్మల కథలు దాటేశారు, పెద్దవాళ్ళ నవలలు అందవు, మధ్యలో మెట్లు తక్కువ. అమెరికా తెలుగువాళ్ళ సంఘం తానా, మంచి పుస్తకం అనే ప్రచురణ సంస్థ వాళ్ళు కలిసి పోటీలు పెట్టి పిల్లల నవలలు తెస్తున్నారు, అవి చూడండి, ధరలు కూడా మన జేబుకి అందేవే. నేనైతే ఎక్కువగా చిన్ననాటి కథలు వాడేదాన్ని. సోమరాజు సుశీల గారి ఇల్లేరమ్మ కతలు, ఖదీర్‌బాబు దర్గామిట్ట కతలు, నామిని సినబ్బ కతలు. ఇవి పిల్లల కోసమని రాసినవి కావు, పిల్లలు చెప్తున్నట్టు రాసినవి, అందుకే ఈ వయసుకి సరిగ్గా సరిపోతాయి. అయితే ఒక జాగ్రత్త, కథ కథా ముందు మీరు ఇంట్లో చదువుకోండి. క్లాసులో చదవటానికి నోరు రాని మాటలు కొన్నిట్లో ఉంటాయి, అలాంటివి పక్కన పెట్టి వేరేది తీసుకోండి గానీ మాటలు మార్చి చదవకండి, పిల్లలు కనిపెట్టేస్తారు. చిత్తూరు మాట, నెల్లూరు మాట మన నల్గొండ పిల్లలకి అర్థం కాదేమో అని భయపడొద్దు. నేను నామిని కథ చదివినప్పుడు మొదటి పేజీకి నవ్వారు, రెండో పేజీకి అలవాటు పడ్డారు, మూడో రోజు ఒకడు "టీచర్, మా అమ్మమ్మ మాట కూడా పుస్తకంలో రాయొచ్చా" అని అడిగాడు. వాడి అమ్మమ్మది మధిర పక్క.

వీటన్నిటినీ పిల్లల చేతికిచ్చి చదువుకోమనొద్దు, ముందు మీరు చదివి వినిపించండి. ఎనిమిదో తరగతికి చదివి వినిపించటమేంటి అనుకోకండి, కూడబలుక్కునే సగం మందికీ కథ అందే దారి అదొక్కటే, గడగడా చదివే సగం మందికి కూడా తెలుగు వాక్యం ఎక్కడ ఆగాలో ఎక్కడ పరిగెత్తాలో చెవిలో పడుతుంది. రోజూ పీరియడ్ మొదట్లో పది నిమిషాలు, అంతే. గట్టిగా చదివితే పది నిమిషాలకి నాలుగైదు పేజీలు సాగుతాయి, వంద పేజీల పుస్తకం నెలలో అయిపోతుంది, ఏడాదికి ఎన్ని పుస్తకాలో మీరే లెక్కేసుకోండి. పది నిమిషాల్లో సిలబస్ ఏమీ కొండెక్కదు. అసలు పిల్లలు టైముకి వచ్చి కూర్చుంటారు, ఆ లాభం వేరే.

చదివేటప్పుడు అర్థాలు చెప్పకండి. వాచకం అలవాటు కొద్దీ ప్రతి మాటకీ ఆగి అర్థం ఏంటి అని అడుగుతాం, అక్కడితో కథ చచ్చిపోతుంది. తెలియని మాట ఉంటే వాళ్ళే అడుగుతారు, అడగకపోతే అవసరం పడలేదన్నమాట. ఎక్కడ ఆపాలో మాత్రం ముందురోజు రాత్రే పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్ కోసం నెలంతా ఎలా ఎదురుచూసేవాళ్ళమో మా వయసు వాళ్ళని అడగండి, మంచి పట్టులో ఉండగా ఇంకా ఉంది అని ఆగిపోయేది. మీరూ అలాగే ఆపండి. ఇంకొంచెం టీచర్ అని బతిమాలినా ఆపేయండి, ఆ రోజు మీ మీద అలిగితే మర్నాడు ముందు వరసలో ఉంటారు.

మొదటి పుస్తకంగా ఏది అంటే నేను రైలుబడి అంటాను, జపాన్ పుస్తకం టోటోచాన్‌కి తెలుగు. పాత రైలు పెట్టెల్లో నడిచిన తొమోయే అనే బడి, నిజంగా ఉన్న బడి, 1937లో పెట్టారు, 1945లో టోక్యో మీద బాంబులేసినప్పుడు కాలిపోయింది. ఆ బడిలో చదువుకున్న పాపే పెద్దయ్యాక రాసింది. ఒక్కో అధ్యాయం రెండు మూడు పేజీలే కాబట్టి పది నిమిషాలకి బాగా కుదురుతుంది. వేరే బడి నుంచి పంపించేసిన ఆ పాప మొదటిరోజు హెడ్‌మాస్టర్ కొబయాషి గారి గదిలో కూర్చుని మాట్లాడుతూనే ఉంటుంది, ఆయన నాలుగు గంటలు వింటాడు, ఒక్కసారి కూడా ఆవలించకుండా. ఆ అధ్యాయం నేను ఎన్ని తరగతులకి చదివానో, చదివిన ప్రతిసారీ గది అంతా ఒక రకంగా నిశ్శబ్దం అయిపోయేది. ఆ నిశ్శబ్దంలో ఏ ప్రశ్నా అడగొద్దు మీరు. పుస్తకం మూసి పాఠంలోకి వెళ్ళిపోండి.

కూడబలుక్కునేవాళ్ళ గురించి ఇంకొక్కటి. మీ స్కూలు పక్కన ప్రైమరీ స్కూలు ఉందా? ఉంటే మీ బొమ్మల పుస్తకాలు బయటికి తీయండి. ఎనిమిదో తరగతి పిల్లాడికి ఒకటో తరగతి పుస్తకం ఇచ్చి చదవరా అంటే తలదించుకుంటాడు, అది అవమానం. శనివారం నువ్వు వెళ్ళి ఒకటో తరగతి పిల్లలకి ఈ కథ చదివి వినిపించాలి అని అదే పుస్తకం ఇవ్వండి, వాడికి అది బాధ్యత. వారమంతా దాన్ని పదిసార్లు చదువుకుంటాడు, బొమ్మ ఎప్పుడు చూపించాలి, పులి మాట ఎలా అనాలి అన్నీ ప్రాక్టీస్ చేస్తాడు. నా దగ్గర ఒత్తులు రాని ఒక పిల్లాడు ఉండేవాడు, వాడు శుక్రవారం మధ్యాహ్నం స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడి "టీచర్, ఒక్కసారి విను, చిన్నపిల్లలు నవ్వుతరేమో" అన్నాడు. "గుర్రం" దగ్గర మూడుసార్లు ఆగి నాలుగోసారి పలికాడు. ఇన్నేళ్ళ రెమిడియల్ క్లాసుల్లో వాడంతట వాడు వచ్చి చదువుతా వినమని అడగటం నేను అప్పుడే చూశా. పుస్తకాలు చాలకపోతే ప్రథమ్ బుక్స్ వాళ్ళ వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి, చదివే స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా పెట్టారు, ఫోన్లో దించుకుని ప్రింట్ తీసుకోవచ్చు, వాళ్ళే అనుమతి ఇచ్చారు కాబట్టి ఏ ఇబ్బందీ లేదు.

ఇక పుస్తక సమీక్ష. పుస్తకం పేరు, రచయిత, పాత్రలు, నచ్చిన అంశం, నీతి అనే ఆ ఫార్మాట్ పక్కన పెట్టేయండి, అది నింపటానికి పుస్తకం చదవక్కర్లేదు, పక్కవాడి పేపర్ చాలు. ఇంగ్లండ్‌లో ఏడన్ ఛేంబర్స్ అని ఒక టీచర్, పిల్లల రచయిత కూడా, 1993లో టెల్ మీ అనే పుస్తకంలో చాలా మామూలుగా కనపడే ప్రశ్నలు ఇచ్చాడు. ఇందులో నీకు నచ్చింది ఏంటి, నచ్చనిది ఏంటి, అర్థం కాక తికమక పెట్టింది ఏంటి, మళ్ళీ మళ్ళీ వచ్చినట్టో దేనితోనో కలిసినట్టో అనిపించింది ఏమన్నా ఉందా. నాకు మూడోది ప్రాణం. తికమక పెట్టింది చెప్పమంటే పిల్లలకి తెలియకపోవటం తప్పు కాదని అర్థమవుతుంది, పైగా ఒకడి తికమక ఇంకొకడికి రాదు, కాపీ కొట్టటానికి ఏమీ ఉండదు. పేజీ నంబర్ వేసి, ఇక్కడ ఆగాను, ఎందుకంటే అని నాలుగు లైన్లు రాయమనండి. రాయలేనివాళ్ళు రెండు నిమిషాలు వచ్చి మాట్లాడొచ్చు, మీరు పక్కన రాసుకుని దానికే మార్కులు వేయండి. నచ్చలేదు, మధ్యలో వదిలేశాను అని ఎవరన్నా నిజం చెప్తే వాళ్ళకి మార్కులు తగ్గించకండి. ఎందుకు వదిలేశావు అని అడగండి, చాలాసార్లు అదే మంచి సమీక్ష అవుతుంది. టెన్త్‌కి వెళ్ళాక ఉపవాచకంగా రామాయణం చదవాలి కదా, నాలుగు లైన్లు సొంతంగా రాయటం వచ్చిన పిల్లలకి అది కూడా తేలికవుతుంది, కైక వరం అడిగిన చోట ఆగి నీకేమనిపించింది అంటే బోలెడు చెప్తారు.

ఆ బీరువా తాళం సంగతి చెప్పి ముగిస్తాను. తాళం ఆయన దగ్గర ఎందుకుందంటే పుస్తకాలు పోతే రిజిస్టర్‌లో ఆయన పేరు ఉంటుంది కాబట్టి. ఆ భయం తీర్చకుండా తాళం రాదు. ఒక ముప్ఫై నలభై పుస్తకాలు మీ పేరు మీద రాయించుకుని క్లాసులోకి తెచ్చేసుకోండి, పోతే నేను కొనిస్తాను సార్ అని రాసివ్వండి. నేను అలాగే రాసిచ్చా. కిటికీ ఊచలకి నవారు తాడు కట్టి పుస్తకాలు మధ్యకి తెరిచి దాని మీద వేలాడదీశాం, అట్టలు బయటికి కనపడేలా, బీరువా కంటే అదే మేలు, నడుస్తూ నడుస్తూ చెయ్యి వేస్తారు. ఇద్దరు పిల్లలకి నోట్‌బుక్ ఇచ్చి ఎవరు తీసుకున్నారో రాయమనండి, వాళ్ళలో ఒకరు చదవటం రానివాళ్ళయితే ఇంకా మంచిది, పేర్లన్నీ చదవటం వచ్చేస్తుంది. పుస్తకం చిరిగితే తిట్టొద్దు, డబ్బు కట్టమనొద్దు, ఒక మూల మైదా జిగురు, పాత పేపర్లు పెట్టి మీరే అతికించండి అని చెప్పండి. ఏడాది చివర నేను కొనివ్వాల్సినవి ఆరు తేలాయి. అందులో రెండు వేసవి సెలవుల తర్వాత వాటంతట అవే నవారు మీదకి వచ్చేశాయి, ఎవరు పెట్టారో నేను అడగలేదు.